ఖాతాలో పడే దుడ్లు: ఆరేళ్లు వాడి చూసినాక

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల ఎర్రనేల, అంతా వానమీదే ఆధారం. ఇంట్లో ఐదుగురం: నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అత్త. 2020 మొదలయ్యేసరికి ఈ ఇంటికి ప్రభుత్వం దుడ్లు మూడు దారుల్లో రావడం మొదలైంది. అత్తకు పింఛను, మా ఆయన ఖాతాకు రైతు సాయం, నా ఖాతాకు పిల్లల చదువు డబ్బు. మా పొదుపు సంఘం పుస్తకం రాసేది నేనే కాబట్టి, ఇంటి లెక్క కూడా ఒక నోటుబుక్కులో రాసుకునే అలవాటు పడింది. ఆ పుస్తకం ముందర పెట్టుకునే ఇది రాస్తున్నాను. ఏ పార్టీ మంచిది, ఎవరికి ఓటేయాలి అన్న మాటలు ఇందులో ఉండవు. ఇలా వచ్చిన డబ్బు ఒక పేదింట్లో ఏం చేసింది, ఏం చేయలేకపోయింది, అంతవరకే.

ఈ ఆరేళ్లలో నాకు గట్టిగా తెలిసొచ్చింది ఒకటుంది. చెప్పిన తారీఖుకు వచ్చే రెండు వేలు, ఎప్పుడొస్తాయో తెలియని ఏడు వేలకంటే ఎక్కువ పని చేస్తాయి. ఎందుకంటున్నానో మా అత్త పింఛనుతో మొదలుపెడితే తెలుస్తుంది.

ఆమె 200 రూపాయలున్నప్పటి నుంచి పింఛను తీసుకుంటోంది. 2014 అక్టోబర్‌లో 1,000 అయింది, 2019 మొదట్లో 2,000. తర్వాత 2,250 నుంచి మెల్లగా పెరుగుతూ 2024 జనవరికి 3,000 వచ్చింది. ఆ ఏడాది జూలైలో 4,000 చేసి, ఏప్రిల్ నుంచి లెక్కగట్టి ఒకేసారి 7,000 చేతిలో పెట్టారు. 200 ఉన్న రోజుల్లో అది ఆకువక్కకు పోయేది, అంతే. అప్పుడు పంచాయతీ ఆఫీసు అరుగు మీద పొద్దున్నుంచి కూర్చుంటే ఇచ్చినరోజు ఇచ్చినట్టు, లేదంటే రేపు రమ్మన్నట్టు ఉండేది. 2020 ఫిబ్రవరి నుంచి ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. మధ్యలో 2024 ఎన్నికల నెలల్లో ఆగింది. ఏప్రిల్‌లో గ్రామ సచివాలయానికి, మేలో ఆ ఎండలో బ్యాంకుకు నేనే తోడు పోయాను.

ఒకటో తారీఖు ఆమె చీకటితోనే లేస్తుంది. వాకిట్లో కసువు ఊడ్చి, తల దువ్వుకుని, గడప దగ్గర కూర్చుంటుంది. సచివాలయం పిల్లోడు వచ్చి మిషన్ తీస్తాడు. నలభై ఏళ్లు చెనిక్కాయలు (వేరుశనగ) వలిచిన చేతులవి, బొటనవేలి గీతలు అరిగిపోయాయి. మొదటిసారి పడదు. రెండోసారీ పడదు. వేడినీళ్లతో చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడిచి, వేలిని చీరకేసి గట్టిగా రుద్ది మళ్లీ పెడుతుంది. అప్పటికీ పడకపోతే ముఖం ఫోటో తీస్తాడు. మిషన్ ఒప్పుకునేదాకా ఆమె ఒక్క మాట మాట్లాడదు. నోట్లు చేతికొచ్చాక మనవరాలిని పిలిచి లెక్కపెట్టిస్తుంది. ఎనిమిది ఐదొందల నోట్లు. మడిచి ఆకువక్క తిత్తిలో పెట్టుకుని తిత్తిని నడుముకు దోపుకుంటుంది. అప్పుడు టీ అడుగుతుంది.

ఇంతకుముందు ఆమె అంగట్లో చక్కెర అప్పు తేవాలంటే కొడుకు పేరు చెప్పాలి. ఇప్పుడు "ఒకటో తారీఖు ఇస్తా" అంటుంది, అంతే. అంగడి ఆయన మారు మాట్లాడడు, ఆ తారీఖు ఆయనకూ తెలుసు కదా. ఆస్పత్రిలో బీపీ మాత్రలు లేవన్న నెల బయట కొనుక్కుంటుంది, మాత్ర మానేయడం లేదు. నేను కోడలిగా వచ్చినప్పుడు ఆమె అందరూ తిన్నాక మిగిలిన సంగటి తినేది, తక్కువైతే ఆకలి లేదనేది. అది నేను కళ్లారా చూశాను, ఏమీ చేయలేకపోయాను. ఇప్పుడు వారానికోసారి పిల్లలకు గుడ్లు తెచ్చేది ఆమే. తన ముద్ద తాను ముందే పెట్టించుకుంటుంది. మా ఆయన ఏదైనా పెద్ద ఖర్చు పెట్టాలంటే "అమ్మనొక మాట అడుగుదాం" అంటాడు. పెళ్లయిన మొదటి పదేళ్లలో ఆ మాట నేను విన్నది లేదు.

ఆ జూలై 7,000తో ఆమె ఒక పొట్టేలు పిల్ల కొనింది. పది నెలలు మేపి 2025లో బక్రీద్ ముందర 15,000కు అమ్మింది. బేరం తనే ఆడింది.

ఇక సేద్యం సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే బయటివాళ్లకు ఇక్కడి లెక్క తెలియదు. 2018లో చెనిక్కాయ విత్తనానికి, ట్రాక్టర్ బాడుగకు, ఎరువుకు కలిపి 20,000 అప్పు తెచ్చాం. నూటికి మూడు రూపాయల వడ్డీ. జూన్‌లో తెచ్చి డిసెంబర్‌లో కడితే ఆరు నెలలకు 3,600. వడ్డీ ఒక్కటే అయితే తట్టుకోవచ్చు. కానీ అప్పిచ్చిన మనిషికే కాయలు తూకం వేయాలన్నది ఒప్పందం. బజారు ధరకంటే క్వింటాలుకు 350 తగ్గించి తీసుకున్నాడు. పన్నెండు క్వింటాళ్ల మీద అది 4,200. అంటే విత్తనం వేసే వారంలో చేతిలో డబ్బు లేకపోవడం వల్ల మాకు పడిన ఖర్చు 7,800 రూపాయలు.

2019లో పీఎం కిసాన్ వచ్చింది. ఏడాదికి 6,000, మూడు విడతల్లో రెండేసి వేలు. అదే అక్టోబర్‌లో రాష్ట్రం రైతు భరోసా మొదలుపెట్టింది, రెండూ కలిపి ఏడాదికి 13,500. 2020 ఏప్రిల్, మే నెలల్లో మా ఆయన ఖాతాలో మొత్తం 7,500 పడ్డాయి. కరోనా లాక్‌డౌన్‌లో కూలి లేదు, బెంగళూరు పనులు బందు. ఆ టైములో అవి రాకపోయుంటే మళ్లీ ఆ పాత గుమ్మమే ఎక్కేవాళ్లం. ఈసారి 7,500కు తోడు సంఘంలో 12,500 రూపాయి వడ్డీకి తీసుకున్నాను. ఆరు నెలలకు వడ్డీ 750. కాయలు ఎండబెట్టి, రెండు నెలలు ఇంట్లోనే పెట్టుకుని, కళ్యాణదుర్గంలో ముగ్గురు వ్యాపారులను అడిగి అమ్మాం. పంట కూడా 2018లో పండినంతే. లెక్కేసి చూస్తే చేతికి వచ్చింది 7,500, పోకుండా మిగిలింది ఇంకో 7,050. ఒక రూపాయి వస్తే రెండు రూపాయల పని జరిగింది. ఆ పేజీ ఇప్పటికీ నా నోటుబుక్కులో మడత పెట్టి ఉంది.

ఇది జరగాలంటే డబ్బు మృగశిర కార్తెకు ముందే రావాలి. మా నేలలో పదును రెండు మూడు రోజులే ఉంటుంది, ఆ లోపల విత్తనం పడాలి. 2024లో రాష్ట్రం వాటా పడలేదు, కేంద్రం రెండు వేలే వచ్చాయి. మళ్లీ మూడు రూపాయల వడ్డీకి పోయాం. 2025 ఆగస్టు 2న రాష్ట్రం కొత్త పథకం అన్నదాత సుఖీభవ కింద 5,000, పీఎం కిసాన్ 2,000 కలిపి 7,000 పడ్డాయి. ఇప్పుడు ఏడాదికి మొత్తం 20,000 ఇస్తామన్నారు, మునుపటికంటే ఎక్కువే. కానీ ఆగస్టు నాటికి మా పైరు మొలిచి నెల దాటింది, విత్తనం అప్పు ఎప్పుడో తెచ్చేశాం. ఆ డబ్బు కలుపు కూలికి పనికొచ్చింది, కాదనను. నవంబర్ 19న పడిన ఇంకో ఏడు వేలు కాయలు పీకిన కూలికి పోయాయి. కానీ 2020లో మే లోపలే వచ్చిన 7,500 చేసిన పని ఈ 14,000 చేయలేదు. ఈ పథకాలు రాసేవాళ్లకు ఒక్క మాట చెప్పే వీలుంటే ఇదే చెబుతాను: ఎంత పెంచాలో తర్వాత చూడండి, మే నెల దాటనివ్వకండి.

పిల్లల డబ్బు గురించి క్లుప్తంగా. 2020 జనవరిలో అమ్మ ఒడి 15,000 వచ్చింది. తర్వాత మరుగుదొడ్ల నిర్వహణకని వెయ్యి, ఆపైన బడి నిర్వహణకని ఇంకో వెయ్యి తగ్గించి 13,000 ఇచ్చారు. ఇంట్లో ఎందరున్నా తల్లికి ఒకటే. 2025 జూన్‌లో దాని బదులు తల్లికి వందనం వచ్చినప్పుడు ప్రతి బిడ్డకూ లెక్కగట్టారు, నాకు ఇద్దరివీ కలిపి 26,000 పడ్డాయి. 75 శాతం హాజరు ఉండాలన్న షరతు మా ఇంట్లో చేసిన మేలు చెప్పాలి. 2018లో పంట పని అయిపోయాక అందరం బెంగళూరు పోయాం, పాప నాలుగో తరగతి మధ్యలో ఆగిపోయింది. అక్కడ కట్టే ఇంటి ఇసుక కుప్ప మీద తమ్ముణ్ణి ఆడిస్తూ కూర్చునేది. 2020 తర్వాత పిల్లలు ఒక్కసారి కూడా వలస రాలేదు. పోతే మా ఆయన ఒక్కడే పోతాడు. పాప ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం.

ఒక నిజం ఒప్పుకోవాలి. 2022లో వచ్చిన 13,000లో ఏడు వేలు పెట్టి సెకండ్‌హ్యాండ్ కుట్టుమిషన్ కొన్నాను. పిల్లల పేరుతో వచ్చిన దుడ్లు ఇలా పెట్టానే అని చాన్నాళ్లు మనసు పీకింది. ఇప్పుడు ఆ మిషన్ మీద నెలకు రెండు వేలకు తక్కువ రావడం లేదు, పాప బస్‌పాసు, పుస్తకాలు అందులోంచే.

"ఊరికే ఇస్తే జనం పనికి పోరు" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. మా వీధిలో పని మానేసినవాళ్లు ఎవరూ లేరు. 4,000 పింఛనుతో, ఏడాదికి 20,000 రైతు సాయంతో ఏ ఇల్లూ గడవదు. మారింది ఇంకొకటి. ముందు ఎండాకాలంలో తిండికి లేక పెద్ద రైతుల దగ్గర ముందే కూలి డబ్బు తెచ్చుకునేవాళ్లం, సీజన్లో వాళ్లు చెప్పిన తక్కువ కూలికే పోవాల్సి వచ్చేది. ఇప్పుడు అలా తెచ్చుకునేవాళ్లు తగ్గారు, కూలి ఎంతో అడిగి పోతున్నారు. కూలోళ్లు దొరకడం లేదనే ఫిర్యాదు వెనక ఇది కొంత ఉంది. మా తమ్ముడు అనంతపురంలో ఎకనామిక్స్ చదివేటప్పుడు మధ్యప్రదేశ్ పల్లెల గురించి చెప్పాడు. 2011 నుంచి 2013 దాకా అక్కడ సేవా (SEWA) అనే మహిళల సంఘం, యూనిసెఫ్ సాయంతో, ఏ షరతూ లేకుండా నెలనెలా డబ్బిచ్చి చూసిందట. మొదట పెద్దవాళ్లకు 200, పిల్లలకు 100, తర్వాత 300, 150. అక్కడి వాళ్లూ కూలి నుంచి సొంత సేద్యం వైపు మళ్లారు, మేకలు, కోళ్లు కొన్నారు. మా అత్త పొట్టేలే గుర్తొచ్చింది నాకు.

తాగుడుకు పోదా అంటే, కొన్ని ఇళ్లలో పోతుంది. మా వీధిలోనే రెండిళ్లు చెప్పగలను. రెండు చోట్లా డబ్బు పడేది మగమనిషి ఖాతాలో. అయితే కెన్యా పల్లెల్లో నేరుగా డబ్బిచ్చి పరిశోధకులు లెక్క తీస్తే మద్యం, పొగాకు ఖర్చు పెరగలేదని తేలింది. రెండిళ్లను చూసి ఊరందరికీ ఆ పేరు పెట్టడం అన్యాయం.

లోపాలు కూడా రాస్తాను. ఖాతాలో కనీస నిల్వ లేదని ఒకసారి బ్యాంకు రెండు వేలలోంచి మూడొందలకు పైగా కోసింది. అడగడానికి రెండుసార్లు పోయి రెండు రోజుల కూలి పోగొట్టుకున్నాం, డబ్బు మాత్రం తిరిగి రాలేదు. మామ పోయి చాలా ఏళ్లయినా భూమి ఆయన పేరు మీదే ఉండేది. పాసుపుస్తకం మార్చుకునేసరికి పీఎం కిసాన్ రెండు విడతలు పోయాయి. మీ ఇంట్లో ఇలా ఉంటే ఈ నెలే మార్పించుకోండి. ఇంకో ఇంట్లో కొడుకు బెంగళూరులో కారు కొన్నాడు, వేరే కాపురమే. కానీ లెక్కలో ఒకే కుటుంబంగా ఉండడంతో ఇక్కడ తల్లిదండ్రులకు అన్నీ ఆగిపోయాయి.

అన్నిటికంటే బాధ పెట్టేది మా పక్కింటి అక్క సంగతి. సొంత భూమి సెంటు లేదు, మూడెకరాలు కౌలుకు చేస్తుంది. భూమి పేరు మీద లేదు కాబట్టి పీఎం కిసాన్ రాదు. రాష్ట్రం సాయానికి కౌలు కార్డు కావాలి, దానికి భూమి ఆసామి సంతకం కావాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందేమో అని ఆయన భయం. ఎండకు ఎండేది, వానకు తడిసేది ఆమె. రైతు సాయం మాత్రం పొలం ముఖం చూడని ఆయన ఖాతాలో పడుతుంది. సంఘంలో ఆమెకు అప్పు రాసేటప్పుడు నా చెయ్యి ఆగిపోతుంది.

వాన లేకపోతే ఈ డబ్బు ఏమీ చేయలేదు, అది కూడా నిజం. 2023లో మా జిల్లాలో చాలా మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. ఆ ఏడాది కాయలు కాదు కదా, పశువుల మేతకు చెనిక్కట్టె కూడా సరిగా రాలేదు. ఇల్లు గడిచింది అత్త 2,750తోనూ నా మిషన్‌తోనూ.

ఇది రాస్తున్నది 2026 జనవరిలో. మా ఆయన రాత్రి భోజనం దగ్గర అడుగుతున్నాడు, ఈసారి రైతు డబ్బు మేలో పడుతుందా, ఆగస్టులోనా అని. మేలో అయితే సంఘంలో తక్కువ అప్పు అడగొచ్చు, లేదంటే ఇప్పుడే పేరు రాయించుకోవాలి. నా దగ్గర జవాబు లేదు. అత్త మాత్రం మనవరాలితో క్యాలెండర్ చూపించుకుని, ఫిబ్రవరి ఒకటి ఆదివారం వస్తోందని, పింఛను 31నే ఇస్తారని అంగడి ఆయనకు చెప్పి వచ్చింది.