ఇషాపూర్ రైఫిల్, ఎనిమిదేళ్లుగా సర్‌ప్లస్ తూటాలు

టెక్సస్‌లో ఒక గన్ షోలో ఇషాపూర్ 2ఏ1 కనిపించగానే బేరం కూడా ఆడకుండా కొనేశాను. పశ్చిమ బెంగాల్ ఫ్యాక్టరీది, మీద 1966 అని ఉంది. ఊళ్లో మామయ్యకి ఫొటో పంపితే "మన పోలీసుల త్రీ నాట్ త్రీయే కదరా" అన్నాడు. చూడ్డానికి అదే. కానీ దీనికి వేయాల్సింది నాటో 7.62 తూటా. త్రీ నాట్ త్రీది ఇందులో పట్టదు, బలవంతంగా పట్టించాలని చూడకూడదు.

మొదటి ఏడాది చౌక కదా అని ప్లాస్టిక్ కవర్లో పోసి అమ్మిన సర్‌ప్లస్ తూటాలు, అంటే సైన్యాల మిగులు సరుకు, రెండొందలు తెచ్చుకున్నా. మందు నింపే లోహపు కేసుల అడుగున నాలుగు రకాల ముద్రలు, అంటే నాలుగు రకాల సరుకు కలిపేశారు! ఒకరోజు ట్రిగ్గర్ నొక్కితే టిక్‌మని ఊరుకుంది. బోల్ట్ (గొట్టం వెనక మూత) తీద్దామని చెయ్యి లేచింది కూడా, అప్పుడు పేలింది. చెమటలు పట్టేశాయి. ఇప్పుడు పేలకపోతే నిమిషం పాటు గొట్టం టార్గెట్ వైపే ఉంచుతాను. ఆ మిగిలిన సరుకు మళ్లీ ముట్టుకోలేదు.

ఆ తర్వాత సీలు తీయని ప్యాక్, ఒకే లాట్ (ఒకే విడతలో తయారైనవి), ఇత్తడి కేసు, అడుగున వృత్తంలో ప్లస్ ఉన్న నాటో గుర్తు ఉంటేనే కొంటున్నాను. బ్రిటిష్ ఫ్యాక్టరీ రాడ్‌వే గ్రీన్ తూటా నా రైఫిల్‌కి బాగా కుదిరింది. జర్మన్ కంపెనీ డాగ్ (DAG) తూటా కూడా మంచిదే, కానీ బుల్లెట్ తొడుగు స్టీలుది, అయస్కాంతానికి అతుక్కుంటుంది. మా షూటింగ్ రేంజ్‌వాళ్లు ఒప్పుకోలేదు. మందుకి నిప్పు అంటించే ప్రైమర్ ఏ రకమో తెలియకపోతే ఆ సాయంత్రమే గొట్టంలో వేడినీళ్లు పోసి, ఆరబెట్టి, నూనె పట్టిస్తాను. పాత ప్రైమర్లు వదిలే, గొట్టానికి తుప్పు పట్టించే ఉప్పు నీళ్లకే కరుగుతుంది, నూనెకి కాదు.

షాపుల్లో దొరికే .308 (నాటో 7.62 లాంటిదే, పౌరులకి అమ్మే రకం) వేయొచ్చా అని అందరూ అడుగుతారు. .308కి 62 వేలు, నాటోకి 50 వేలు అంటూ ప్రెషర్ లెక్కలు పోలుస్తారు గానీ అవి రెండు వేర్వేరు పద్ధతుల్లో కొలిచినవి. నా భయం వేరే. మిలిటరీ ఛాంబర్ (తూటా కూర్చునే గది) కాస్త పొడవు, షాపు కేసు గోడ సాధారణంగా పల్చన. పైగా ఈ రైఫిల్‌ది ఎన్‌ఫీల్డ్ డిజైన్, దాని బోల్ట్ వెనకవైపు లాక్ అవుతుంది కాబట్టి కేసు ఎక్కువ సాగుతుంది. అందుకే నేను వేయను. తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌తో హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కి, ఛాంబర్‌లో తూటా ఆగే చోటికి మధ్య దూరం) కొలిపించాకే మొదటి ప్యాక్ విప్పాను. కాల్చిన కేసుల్లో అడుగుకి కొంచెం పైన మెరిసే గీత ఉందేమో చూస్తాను, అది కేసు తెగబోతోందని గుర్తు, కొన వంచిన పేపర్ క్లిప్‌తో లోపల తడిమితే గాడి తెలుస్తుంది. రెండేళ్ల కింద ఒక లాట్‌లో తగిలింది. ఆ రోజే ఆపేసి రైఫిల్ మళ్లీ కొలిపించాను.

ధర ఇప్పుడు కొత్త తూటాల దగ్గరికి వచ్చేసింది. అయినా ఇంకో మూడు ప్యాక్‌లు దాచాను. అటక మీద కాదు, ఈ టెక్సస్ ఎండకి అక్కడ ఏదీ నిలవదు. పడకగది అల్మరాలో, తాళం వేసి.