కొల్లేటి లంకలో మంచినీటి చెరువు: మూడు రోజుల యాత్ర

సంక్రాంతి సందడి తగ్గిన తరువాతి వారంలో నేను, మా ఆవిడ, పదకొండేళ్ల మా అమ్మాయి, మా అత్తగారు కలిసి హైదరాబాదు నుంచి కొల్లేటికి వెళ్లి మూడు రోజులు ఉండి వచ్చాము. కొల్లేరు అనగానే అందరికీ పక్షులు గుర్తొస్తాయి, మేమూ వాటి కోసమే బయలుదేరాము. తిరిగి వచ్చాక మాత్రం నా మాటల్లో పక్షుల కంటే ఒక లంక ఊరి మంచినీటి చెరువే ఎక్కువగా దొర్లుతోంది. అటువైపు వెళ్లాలనుకునేవారికి బస, తిండి, రాకపోకల వివరాలతో పాటు ఆ చెరువు సంగతి కూడా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నరసాపురం వైపు వెళ్లే రాత్రి రైలు ఎక్కితే తెల్లవారేసరికి కైకలూరులో దిగవచ్చు. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉన్నవారికి విజయవాడలో దిగి కారు మాట్లాడుకోవడం కంటే ఇదే సుఖం. స్టేషను బయట ఆటోలు దొరుకుతాయి. పూటకు ఇంత అని ముందే ఒప్పుకుంటే ఆటపాక పక్షుల కేంద్రం, కొల్లేటికోట అమ్మవారి గుడి రెండూ చూపించి తీసుకొస్తారు. మాకు దొరికిన ఆటో అబ్బాయి స్థానికుడు, నెమ్మదస్తుడు. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపి, అడిగినదానికల్లా ఓపికగా జవాబు చెప్పాడు.

మొదటి రాత్రికి కైకలూరులోనే ఒక లాడ్జిలో దిగాము. గదికి 1200 రూపాయలు తీసుకున్నారు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, దోమతెర అడగకుండానే ఇచ్చారు. కుళాయి నీళ్లు మాత్రం ఉప్పగా ఉన్నాయి. సబ్బు నురగ రాక మా అమ్మాయి తల రెండుసార్లు కడగవలసి వచ్చింది. మా ఇంట్లో ఫిల్టరు కొన్నప్పటి చిన్న టీడీఎస్ మీటరు, అంటే నీటిలో కరిగిన లవణాలను చూపేది, నా సంచిలో ఉంది. కుళాయి నీటిలో ముంచితే 1400 దాటి చూపించింది. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదనీ, వేరే దారి లేనప్పుడు 2000 వరకు సహించవచ్చుననీ భారతీయ ప్రమాణం చెబుతుంది. వరండాలోని స్టీలు ట్యాంకులో ఆర్వో నీళ్లు ఉన్నాయి. వాటిలో ముంచితే 60 వచ్చింది. నిశ్చింతగా సీసాలన్నీ ఆ నీటితోనే నింపుకున్నాము. ఆ నిశ్చింత సంగతి చివర చెబుతాను.

ఆటపాక పక్షుల కేంద్రానికి ఉదయం ఆరున్నరకే వెళ్లాము, మీరూ అలాగే వెళ్లండి. ఎండెక్కితే పక్షులు మేతకు చెదిరిపోతాయి, జనం కూడా పెరుగుతారు. చెట్లు చాలక అటవీశాఖవారు నీటిలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు (పెలికన్లు) పక్కపక్కనే గూళ్లు కట్టుకుని పిల్లలకు మేత పెడుతుంటే, పడవలో చుట్టూ తిరుగుతూ అంత దగ్గరగా చూడడం మా నలుగురికీ అదే మొదలు. పిల్ల తన ముక్కును తల్లి గొంతు సంచిలోకి దాదాపు మెడదాకా దూర్చి మేత లాక్కోవడం చూసి మా అమ్మాయి ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు కూడా కనిపించాయి. పడవ నడిపినవారు గూళ్లకు మరీ దగ్గరగా పోనివ్వమని ఒక కుటుంబం ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. ఆ పట్టుదల నాకు నచ్చింది. మంచినీళ్లు, పలహారం మాత్రం వెంట తీసుకుపోవడం మేలు.

అక్కడి నుంచి ఏలూరు రోడ్డు మీద పెద్దఎడ్లగాడి వంతెన దాకా వెళ్లాము. కొల్లేరు ఎలా బతుకుతోందో తెలుసుకోవాలంటే ఈ వంతెన దగ్గర అరగంట నిలబడాలి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలా ఉన్న ఈ లోతు తక్కువ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి వాగులు, రెండు డెల్టాల మురుగు కాలువలు వచ్చి పడతాయి. బయటికి పోవడానికి సముద్రం దాకా సుమారు 60 కిలోమీటర్లు వంకలు తిరుగుతూ పోయే ఉప్పుటేరు ఒక్కటే దారి. వానాకాలంలో ఆ దారి చాలక ఊళ్లు మునుగుతాయి. వేసవిలో పైనుంచి నీరు తగ్గితే సముద్రపు ఉప్పునీరు అదే దారిలో ఎగదన్నుకొస్తుంది. మేము చూసేసరికి వంతెన ఖానాల దగ్గర గుర్రపుడెక్క చాపలా పరుచుకుని ఉంది. దాన్ని ఏటా తీయిస్తారనీ, ఏటా మళ్లీ పేరుకుంటుందనీ ఆటో అబ్బాయి చెప్పాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచాక ఆ నీరంతా కొల్లేటికే చేరి, ఈ రోడ్డు మీదుగా పారి, లంక ఊళ్లకు రాకపోకలు ఆగిపోయినప్పుడు తన మేనత్తను పడవలో దాటించామని కూడా చెప్పాడు.

రోడ్డుకు ఇరువైపులా మనకు కనిపించేదంతా సరస్సే అనిపిస్తుంది గాని, అందులో చాలా భాగం గట్లు కట్టిన చేపల చెరువులు. 1970లలో ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాలకు చెరువులు ఇచ్చింది. తరువాత పెట్టుబడి ఉన్నవారు దిగడంతో అవి అంచనాలకు మించి పెరిగిపోయాయి. 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టం నుంచి నేల ఎత్తును చూపే గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. 2006లో ఆ హద్దు లోపలి చెరువుల గట్లు కొట్టించారు. ఈ పేర్లూ సంవత్సరాలూ ఇక్కడ చదువు రానివారికి కూడా నోటికి వచ్చు. కాంటూరు అన్న మాట మనం వార్డు, వీధి అన్నంత మామూలుగా అంటారు. చేపలకు వేసిన తవుడు, చెక్క, ఎరువులు, మందులు కలిసిన నీరు పట్టుబడి రోజున కాలువలోకి వదిలితే అది ఎక్కడికి పోతుందో కూడా వారికి తెలుసు. పైనుంచి పట్టణాల మురుగూ పొలాల పురుగుమందులూ వచ్చేది కూడా అక్కడికే.

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మవారి దర్శనం ప్రశాంతంగా జరిగింది. ఫాల్గుణంలో జాతర సమయానికి వెళితే ఊరంతా తిరునాళ్ల కళతో ఉంటుందట. జనం లేని రోజున అమ్మవారి ఎదుట నింపాదిగా కూర్చోవాలనుకునేవారికి మేము వెళ్లిన రోజులే మంచివి. శత్రువులు కోట చుట్టూ ఉన్న నీటిని తీసివేయడానికి ఉప్పుటేరు తవ్వారనీ, కోటలోని సేనాని తన సొంత కూతురిని బలి ఇచ్చాడనీ, ఆ కాలువకు పేరంటాల కనుమ అనే పేరు అలా వచ్చిందనీ ఇక్కడ కథ చెప్పుకుంటారు. గుడి ముందు కూర్చున్న ఒక పెద్దాయన ఈ కథ చెప్పి, “అప్పుడు నీళ్లు తీసేద్దామని తవ్వారు బాబూ, ఇప్పుడు నీళ్లు పోవట్లేదని తవ్వమంటున్నాం” అన్నారు.

రెండో రాత్రి బస మా బావగారి స్నేహితుడి ఇంట్లో, ఒక లంక ఊరిలో. అది వసతి గృహం కాదు, డబ్బు పుచ్చుకునే ఇల్లూ కాదు కాబట్టి ఊరి పేరు రాయడం లేదు. ఊరంతా మెట్ట మీద, ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని, నాలుగు వైపులా నీరు. అరుగు మీద చేపలు పట్టే మావులు ఆరబెట్టి ఉన్నాయి. రాత్రి భోజనంలో కొరమేను పులుసు, చింతచిగురు లేని రోజులు కాబట్టి మామూలు చింతపండుతోనే చేశామని నొచ్చుకుంటూ వడ్డించారు. అంతకన్నా మంచి పులుసు నేను ఏ హోటల్లోనూ తినలేదు.

ఆ ఇంటి ఇల్లాలు నన్ను “అన్నయ్యగారూ” అని, మా ఆవిడను “వదినగారూ” అని పిలుస్తూ, తెల్లవారగానే మమ్మల్ని ఊరి మంచినీటి చెరువు దగ్గరకు తీసుకెళ్లారు. చుట్టూ గట్టు, గట్టు మీద ముళ్లకంప, ఒక్కటే రేవు. రేవు మెట్ల పైన చెప్పులు విడవాలి. స్నానం చేయడం, బట్టలు ఉతకడం, గేదెలను దింపడం, చేపపిల్లలు వదలడం ఏదీ కూడదు. ఈ కట్టుబాటు ఎక్కడా రాసిపెట్టి లేదు. పెళ్లి చేసుకుని ఈ ఊరికి వచ్చిన కోడలికి అత్తగారు మొదటి వారంలోనే చెప్పేస్తుందట. కృష్ణా తూర్పు డెల్టా కాలువ చివరి నీళ్లతో ఈ చెరువు నింపుతారు. వేసవిలో కాలువలు కట్టేసే ముందే అంచుదాకా నింపుకోకపోతే మళ్లీ కాలువ వదిలేదాకా ఇబ్బందే. శివారు ఊళ్లకు నీరు చేరేది ఆఖరున కాబట్టి, నింపే రోజుల్లో మగవాళ్లు వంతులవారీగా రాత్రిళ్లు కాలువ వెంట నడుస్తూ, ఎవరి మురుగు తూమూ కాలువలోకి తెరిచి లేకుండా చూసుకుంటారు. మొదటి గంట వచ్చే నీరు చెత్తతో, నల్లగా ఉంటుంది కనుక దాన్ని చెరువులోకి రానివ్వకుండా పక్కకు వదిలేస్తారు. చెరువు నీరు ఇసుక ఫిల్టర్ బెడ్ దాటి, క్లోరిన్ కలిసి, ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి కుళాయిలకు వస్తుంది.

ఇంటికి వచ్చాక ఆమె అలమారలోంచి ఒక పెట్టె తీసి చాప మీద పరిచారు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పించాలని ఏర్పాటు ఉంది. ఈ ఊరి అయిదుగురిలో ఆమె ఒకరు. గాజు గొట్టంలో గీత దాకా కుళాయి నీరు పోసి, అయిదు చుక్కల మందు వేసి, మూత పెట్టి మెల్లగా తిప్పి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. నీరు లేత పసుపుగా మారింది. పక్కన రంగుల అట్ట పెట్టి పోల్చి, “క్లోరిన్ ఉంది, చాలు” అన్నారు. లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలి. పసుపు కనిపించని రోజున ఆమె నేరుగా ట్యాంకు నడిపే మనిషి ఇంటికి వెళ్లి చెబుతారు. మొదట్లో అతను విసుక్కునేవాడట, ఇప్పుడు తానే సాయంత్రం వచ్చి “ఇవాళ రంగు వచ్చిందా వదినా?” అని అడిగి పోతున్నాడట.

అదే గదిలో మూల వాళ్ల అత్తగారు కడవ లోపలి అంచుకు చిల్లగింజ అరగదీస్తున్నారు. కుళాయి నీరు తేటగా ఉన్నా ఆమెకు ఆ పని చేయనిదే మనసొప్పదు. కోడలు వద్దనరు. “చిల్లగింజ మడ్డిని దించుతుంది, పురుగును చంపదు, అందుకని రెండూ ఉండాలి” అన్న కోడలి మాట మా అమ్మాయి తన పుస్తకంలో రాసుకుంది.

ఆ పెట్టెలో చిన్న సీసాలు కొన్ని ఉన్నాయి. నీటిలో మల సంబంధమైన సూక్ష్మజీవులు ఉంటే ఒకటి రెండు రోజుల్లో సీసాలోని నీరు నల్లబడుతుంది. ఆమె ఒకదానిలో కుళాయి నీరు, ఒకదానిలో ఊరి బయట కొల్లేటి అంచు నీరు పోసి, మూడోది ఖాళీగా ఉందని మా సంచి వైపు చూశారు. లాడ్జిలో నింపుకున్న సీసాలో ఇంకా సగం మిగిలి ఉంటే అది ఇచ్చాను. మూడింటికీ చీటీలు అంటించి అటక మీద పెట్టారు.

నిజం చెప్పాలంటే ఆ ఊరి శ్రద్ధ గట్టు దాటి పోలేకపోతోంది. చెరువును కంటికి రెప్పలా కాచుకుంటున్న ఆ మనుషులే వాడిన నీరంతా పక్కనున్న సరస్సులోకి పోతుంది, వేరే దారి లేదు. వారి చేతిలో ఉన్నంత మేర వారు చేస్తున్నారు. పైన ఉన్న పట్టణాలూ ఫ్యాక్టరీలూ పెద్ద చెరువుల యజమానులూ చేయవలసింది వారి చేతిలో లేదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛలతో ఆసుపత్రుల పాలైనప్పుడు నిపుణులు పురుగుమందుల అవశేషాలను అనుమానించారు. ఆ పెట్టెలోని చుక్కలతో పురుగుమందు తెలియదని ఆమెకు తెలుసు. ఏడాదికి ఒకసారైనా ప్రయోగశాలలో ఆ పరీక్ష కూడా చేయించాలని గ్రామసభలో అడిగామని, మళ్లీ అడుగుతామని చెప్పారు. ఆ కోరిక తీరాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

మూడో రాత్రి ఏలూరులో ఉన్నాము. గది 1900 రూపాయలు, వేడినీళ్లు, లిఫ్టు, కింద మంచి భోజనం ఉన్నాయి. పెద్దవాళ్లతో వచ్చేవారు ఏలూరులో ఉండి పగలు కొల్లేటికి వచ్చిపోవడమే మేలని నా అభిప్రాయం. అయితే గూడబాతుల కోసం వచ్చేవారికి తెల్లవారుజాము ముఖ్యం కనుక ఒక్క రాత్రయినా కైకలూరులో ఉండాలి. ఊళ్లలో ఉండనిస్తారా అని ముక్కూమొహం తెలియని ఇంటికి వెళ్లి అడగవద్దు. తెలిసినవారి ద్వారా వెళ్లండి, ప్లాస్టిక్ సీసాలు అక్కడ వదలకుండా తెచ్చేసుకోండి, ఎందుకంటే లంకలో చెత్త బండి రాదు, పడేసింది నీటిలోకే పోతుంది.

మరునాడు మధ్యాహ్నం రైలు కోసం ఏలూరు స్టేషనులో కూర్చుని ఉండగా ఆమె దగ్గర నుంచి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. కిటికీ గట్టు మీద మూడు సీసాలు. కుళాయి నీరు పోసినది పోసినట్టే లేత రంగులో ఉంది. కొల్లేటి అంచు నీరు బొగ్గులా నల్లబడింది. మూడోది, లాడ్జి స్టీలు ట్యాంకు నీరు, అదీ నల్లగానే ఉంది. మీటరు చూపించిన 60 లవణాల లెక్కే గాని క్రిములది కాదని అప్పుడు అర్థమైంది. “ఆ నీళ్లు పాప తాగలేదు కదా అన్నయ్యగారూ?” అని కింద రాశారు. తాగింది, దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. లాడ్జికి ఫోను చేసి మేనేజరుకు విషయం చెప్పి, ఆ ఫొటో పంపాను. ఆయన తప్పించుకోకుండా విని, ట్యాంకు కడిగించి రెండు నెలలైందని ఒప్పుకుని, ఆ సాయంత్రమే కడిగిస్తానన్నారు. కైకలూరులో గానీ మరెక్కడైనా గానీ గది తీసుకునేటప్పుడు అద్దెతో పాటు, తాగునీటి ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారో కూడా అడగండి.