స్టాక్‌ఫిష్: ఏళ్ల తరబడి వాడాక

ముందే చెప్పేస్తాను. చెస్ ఇంజన్, అంటే చెస్ ఆడి ఆటల్ని విశ్లేషించే ప్రోగ్రామ్, కావాలంటే స్టాక్‌ఫిష్ దించుకోండి. డబ్బు పెట్టి ఇంకోటి కొనక్కర్లేదు. ఉచితం, కోడ్ అంతా అందరికీ తెరిచే ఉంది, ఫోన్‌లోనూ నడుస్తుంది. చెన్నైలో వారాంతపు రేటింగ్ టోర్నమెంట్లు ఆడే మామూలు క్లబ్ ఆటగాణ్ణి నేను. నాలాంటి వాళ్లకు దాని బలం ఎప్పుడో అవసరానికి మించిపోయింది. కాబట్టి బలం గురించి కాదు, వాడకం గురించి రాస్తున్నాను.

నేను మొదలుపెట్టింది సీడీలో వచ్చే ఫ్రిట్జ్ అనే చెస్ ప్రోగ్రామ్‌తో. అప్పట్లో దాని పేరు మోగిపోయేది. 1995లో హాంకాంగ్‌లో ప్రపంచ కంప్యూటర్ చెస్ ఛాంపియన్‌షిప్ జరిగితే, 90 మెగాహెర్ట్జ్ పెంటియం మీద నడిచిన ఫ్రిట్జ్ ఐబీఎం వాళ్ల డీప్ బ్లూ నమూనాను ఓడించి టైటిల్ కొట్టేసింది. అసలు డీప్ బ్లూ 1997 మేలో న్యూయార్క్‌లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను 3½–2½తో ఓడించింది. సెకనుకు 20 కోట్ల పొజిషన్లు చూసేదట. అంత చేసి ఆ మ్యాచ్ తర్వాత మళ్లీ ఆడనే లేదు. మన ఇంటి బల్ల మీదికి వచ్చినవి ఫ్రిట్జ్ లాంటివే.

ఆ కాలపు ప్రోగ్రాములతో ఒక సరదా ఉండేది. అవి కొన్ని ఎత్తుల లోతు వరకే చూసేవి, ఆ అవతల ఏముందో వాటికి తెలియదు. పావు పోవడం ఖాయమని తేలితే, ఆ నష్టం తమ చూపు దాటిపోయేదాకా అనవసరంగా బంట్లు బలిచ్చేవి. అలాంటిది కనబడితే మనం దానితో వాదించొచ్చు, మన ఎత్తే మేలని నిరూపించొచ్చు. నా ఆట పెరిగింది ఆ వాదనల వల్లే అని ఇప్పటికీ నా నమ్మకం. స్టాక్‌ఫిష్‌తో ఆ అవకాశం దాదాపు లేదు. అది చెప్పింది రైటే. ఎందుకు రైటో మాత్రం చెప్పదు.

ఇంత బలం ఎక్కడిదంటే పోటీల నుంచే. మొదటి ప్రపంచ కంప్యూటర్ ఛాంపియన్‌షిప్ 1974లో స్టాక్‌హోంలో జరిగింది. సోవియట్ ప్రోగ్రామ్ కైసా నాలుగు ఆటలకు నాలుగూ గెలిచింది. యంత్రం మాస్కోలోనే ఉంది, ఎత్తులు ఫోన్లో చెప్పుకునేవారు. ఇంకో తమాషా, ఆ సోవియట్ ప్రోగ్రామ్ నడిచింది బ్రిటిష్ ఐసీఎల్ కంప్యూటర్ మీద. (మన ఆనంద్ చిన్నప్పుడు ఆడింది కూడా ఇక్కడి సోవియట్ సాంస్కృతిక కేంద్రంలోని తాల్ క్లబ్‌లోనే. ఆ దేశం చెస్ మీద పెట్టిన శ్రద్ధ అలాంటిది.) ఆ కంప్యూటర్ ఛాంపియన్‌షిప్‌కు పెద్ద దెబ్బ 2011లో తగిలింది. వరుసగా నాలుగేళ్లు గెలిచిన రిబ్కా అనే ఇంజన్‌లో వేరేవాళ్ల కోడ్ ఉందని తేల్చి, ఆ టైటిళ్లన్నీ వెనక్కి తీసుకున్నారు. నేను అప్పుడు రిబ్కానే వాడుతున్నాను, క్లబ్‌లో వారాల తరబడి అదే గొడవ. ఆ తర్వాత అందరి కళ్లూ 2010లో మొదలైన టీసెక్ అనే ఆన్‌లైన్ ఇంజన్ల పోటీ మీదికి మళ్లాయి. 2024తో ఆ పాత ఛాంపియన్‌షిప్ ఆగిపోయింది కూడా.

టీసెక్‌లో నాకు నచ్చేది ఓపెనింగ్‌ల (ఆట మొదటి ఎత్తుల) ఏర్పాటు. ఇంజన్లను వాటి మానాన వదిలేస్తే అన్నీ డ్రాలే. అందుకని కాస్త ఒకవైపు మొగ్గిన ఓపెనింగ్ ముందే ఎంచి ఇస్తారు, అదే ఓపెనింగ్‌ను రంగులు మార్చి రెండుసార్లు ఆడిస్తారు. 2019లో 14వ సీజన్ ఫైనల్లో న్యూరల్ నెట్‌వర్క్‌తో (ఆటల నుంచి తానే నేర్చుకునే పద్ధతితో) నడిచే లీలా అనే ఇంజన్ మీద స్టాక్‌ఫిష్ 50.5–49.5తో గట్టెక్కింది. తర్వాతి సీజన్లో లీలాదే గెలుపు. ఆ ఆటలు చూడడానికి నిద్ర మానుకున్న రాత్రులు ఉన్నాయి, ఆఫీసులో మర్నాడు పరిస్థితి అడగకండి.

స్టాక్‌ఫిష్ దానికి జవాబు తెచ్చుకున్నది 2020 సెప్టెంబర్లో, 12వ వెర్షన్‌తో. షోగీ అనే జపాన్ చదరంగం ఆడే ప్రోగ్రాముల కోసం యూ నాసు తయారుచేసిన చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌ను అందులో కలిపారు. మామూలు ప్రాసెసర్ మీదే చకచకా నడుస్తుంది. లీలాకు మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి, నా ల్యాప్‌టాప్‌లో అది నత్తనడకే. వాడేవాడిగా నాకు తేడా బంట్లు అడ్డం పడి బిగుసుకుపోయిన పొజిషన్లలో కనబడింది. ఎవరి ఆట ఎంత మెరుగో చెప్పే అంకెలు మునుపు అక్కడ అటూ ఇటూ ఊగేవి, ఇప్పుడు నమ్మేలా ఉంటున్నాయి. అలాగని ఎదుటివాడు చొరబడే దారే లేకుండా బిగించుకుని కూర్చున్న డ్రా పొజిషన్లో ఇప్పటికీ ఒక్కోసారి లాభం చూపిస్తూనే ఉంటుంది.

అంకెల సంగతి విడిగా చెప్పాలి. మొన్న ఒక టోర్నమెంట్లో నెల్లూరు కుర్రాడొకడు అడిగాడు: "అంకుల్, ప్లస్ 0.8 ఉంది కదా, డ్రాకి ఎందుకు ఒప్పుకున్నారు?" ఆ 0.8 నిలవాలంటే వరుసగా ఆరు ఎత్తులు తప్పకుండా కనిపెట్టాలిరా, నా గడియారంలో ఐదు నిమిషాలే ఉన్నాయి అన్నాను. వాడికి నచ్చలేదు. 15.1 వెర్షన్ నుంచి ప్లస్ 1 అంటే ఒక బంటు ఎక్కువని కాదు, ఇంజన్ తనతో తాను ఆడుకుంటే గెలిచే అవకాశం సగం అని. మనుషుల ఆటకు, అందులోనూ టైమ్ టెన్షన్లో ఉన్న ఆటకు, 0.3 తేడాకు విలువే లేదు. ఒకే ఎత్తు కాకుండా మూడు వరసలు చూపించేలా పెట్టుకోండి. మూడూ దగ్గర దగ్గరగా ఉంటే మీకు అలవాటైనదే ఆడండి.

దానితో ప్రాక్టీసు ఆడడం మాత్రం దండగ. లెవెల్ తగ్గిస్తే ఇరవై ఎత్తులు గ్రాండ్‌మాస్టర్‌లా ఆడి, ఉన్నట్టుండి గుర్రాన్ని ఊరికే ఇచ్చేస్తుంది. కావాలని వేసే తప్పులవి, మనుషులు అలా తప్పు చేయరు. ఆడుకోవడానికి మాయా మేలు. మనుషుల ఆటలు చూసి నేర్చుకున్న ప్రోగ్రామ్ కాబట్టి దాని పొరపాట్లు మన పొరపాట్లలాగే ఉంటాయి.

విశ్లేషణకు నా పద్ధతి ఇది: ఇంటికొచ్చాక ముందు ఇంజన్ లేకుండా నా ఆట మీద నోట్స్ రాసుకుంటాను, మర్నాడు ఇంజన్ పెడతాను. గుకేశ్‌కు చిన్నప్పుడు కోచ్ విష్ణు ప్రసన్న చాలాకాలం ఇంజన్ తెరవనివ్వలేదు. పిల్లలున్న తల్లిదండ్రులు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది. ఇక్కడి అకాడమీల బయట, పిల్లాడి ఆట అవ్వగానే ఫోన్లో అంకె చూపించి తిట్టే నాన్నలను చూస్తూనే ఉన్నాం.

ఫోన్లో ఎక్కువసేపు నడపకండి, బ్యాటరీ హరించుకుపోతుంది, మే నెలలో అయితే చేత్తో పట్టుకోలేం. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మార్చక్కర్లేదు. మీ దగ్గరున్నది 12 కంటే పాతదైతే ఈ రోజే మార్చండి.