నాలుగేండ్లు ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ వాడినంక: శాంపిల్ రేటు ముచ్చట

మాది నల్లగొండ. 2021 చివర్ల ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ వీ3 డాంగిల్ ఒకటి తెప్పించిన, కంప్యూటర్ యూఎస్‌బీకి పెట్టి రేడియో సిగ్నళ్లు పట్టే డబ్బా, పెన్‌డ్రైవ్ కంటే జర పెద్దగ ఉంటది, ఇగ అప్పట్నుంచి స్లాబ్ మీద ఆంటెన్నా, కింద పాత ల్యాప్‌టాప్, మధ్యల మా ఇంటోల్ల తిట్లు. కొత్తగ కొన్నోల్లు అందరు నన్ను అడిగేది ఒక్కటే, అన్నా శాంపిల్ రేటు (సెకనుకు సిగ్నల్ కొలతలు ఎన్ని కంప్యూటర్‌కు రావాలె అనేది) ఎంత పెట్టాలె అని. నేను అటు ఇటు రెండు దిక్కులా తప్పు చేసి నేర్చుకున్న, అదే రాస్తున్న.

మొదట్ల ఏం చేసినా అంటే, లిస్టుల అన్నిటికంటే పెద్ద నంబర్ 3.2 ఉంటే దాన్నే పెట్టేసిన, అంటే సెకనుకు 32 లక్షల శాంపిళ్లు. స్క్రీన్ మీద 3.2 మెగాహెర్ట్జ్ వెడల్పు ఒక్కసారే కనిపిస్తది గదా, మస్తు ఖుషీ. యాడాది దాకా అట్లనే నడిపిన. పాట మధ్యల చిటపట చిటపట అని వస్తుండె, పక్క సందుల బోరు మోటర్ స్టాటర్ వల్ల అనుకున్న. ఒకరోజు వాడకంత కరెంట్ పోయింది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద పెట్టి విన్న, అయినా చిటపట పోలే! అప్పుడు అనుమానం వచ్చి ఆర్‌టీఎల్ టెస్ట్ ప్రోగ్రాం నడిపిస్తే ఇన్ని బైట్లు పోయినయి, అన్ని బైట్లు పోయినయి అని లైన్ మీద లైన్ వస్తనే ఉన్నది. పాపం ఆ మోటరాయన్ని ఏడాది పొడుగూ ఉత్తగనే తిట్టుకున్న.

సంగతి ఏందంటే లోపల చిప్పు, ఆర్‌టీఎల్2832యూ, మనం ఏ రేటు పెట్టినా సిగ్నల్‌ని 28.8 మెగాహెర్ట్జ్ తోటే కొలుస్తది. ఆ తర్వాత అదే లోపల తగ్గించి మనం అడిగినంత యూఎస్‌బీ లకెల్లి పంపుతది. అంటే 3.2 పెడితే రేడియో ఏం మెరుగుపడదు, పైపు లకెల్లి ఎక్కువ నీళ్లు తోలుతున్నం అంతే, ల్యాప్‌టాప్ తాగలేకపోతే కింద పోతయి. 2.4 కి దించిన, ఒక్క బైటు గూడ పోతలేదు. దీని మీద ఆగకుంట నడిచే హద్దు 2.4 అని చానమంది అనేది నిజమే. రాస్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ మీద పెట్టేటోల్లు ఇంకా చూసుకోవాలె, అండ్ల యూఎస్‌బీ, నెట్ కేబుల్ రెండూ ఒకటే దారిల పోతయి.

ఇగ రెండో తప్పు. పెద్దది చెడ్డదైతే చిన్నదే మంచిదిరా అనుకోని 250 వేలకు దించిన. (ముందు 500 వేలు కొట్టిన, స్టార్టే కాలే, ఈ చిప్పు సుమారు 300 వేల నుంచి 900 వేల దాకా మధ్యల ఏ రేటూ ఇయ్యదు.) ఫైల్ సైజు చూసి కండ్లు చల్లబడ్డయి, 2.4 రేటు తోటి నిమిషానికి 288 ఎంబీ అయ్యేది 30 ఎంబీల అయిపోయింది. గంటకు 17 జీబీ ఎక్కడ, 1.8 జీబీ ఎక్కడ. కానీ అంతరిక్ష కేంద్రం 145.8 మెగాహెర్ట్జ్ మీద బొమ్మలు పంపినప్పుడు రికార్డు చేస్తే అంతా గీతలు గీతలు. మల్లా రెండ్రోజులకు 2.4 పెట్టి సాఫ్ట్‌వేర్ల డెసిమేషన్ 64 (64 శాంపిళ్లను కలిపి ఒక్కటి చేసుడు) పెట్టి అదే ఆంటెన్నా తోటి పడితే బొమ్మ నీట్‌గ వచ్చింది. ఆ కేంద్రం పోయే ఎత్తు గూడ వేరే ఉండొచ్చు, ఒక్కసారికే నమ్మొద్దు అని అది మా మీదికెల్లి పోయే పాస్‌లు అయిదారు చూసిన, ప్రతిసారి అంతే.

కారణం బిట్లు. డాంగిల్ పంపేది 8 బిట్లే, అంటే ఒక్కో కొలతకు 256 మెట్లే, చిప్పు తానే తగ్గించి పంపినా మల్ల 8 బిట్లకే కోసి పంపుతది. మనం 2.4 మొత్తం తెచ్చుకోని సాఫ్ట్‌వేర్ల తగ్గిస్తే ప్రతి నాలుగు రెట్లకు సుమారు ఒక బిట్టు లాభం, అంటే 64 రెట్లు తగ్గిస్తే 3 బిట్లు, 8 బిట్ల డబ్బా 11 బిట్ల లెక్క పనిచేస్తది, మిగిలిన 37.5 కిలోహెర్ట్జ్ ఇసొంటి చిన్న సిగ్నల్‌కు సరిపోతది. అయితే పక్కన గట్టి సిగ్నల్ వచ్చి డాంగిల్ నిండిపోయినప్పుడు ఇది గూడ ఏం చేయలేదు, అప్పుడు గెయిన్ (సిగ్నల్‌ని పెంచే సెట్టింగ్) తగ్గించుడే. మా దోస్తు దగ్గర హ్యాక్ఆర్ఎఫ్ అని ఇసొంటిదే ఇంకో డబ్బా ఉన్నది, 20 మెగా దాకా పోతది, అదీ 8 బిట్లే మల్ల.

విమానాలు పంపే మెసేజ్‌లకు మాత్రం ఎక్కువ ఆలోచించొద్దు, 1090 మెగాహెర్ట్జ్ మీద 2.4. ఒక్కో బిట్టు ఒక మైక్రోసెకను, అండ్ల సగం సగం పల్స్, 2.0 పెడితే సగానికి ఒక్కటే శాంపిల్ పడతది, 2.4 తోటి మెసేజ్‌లు ఎక్కువ దొరికినయి నాకు. శంషాబాద్ల ఎక్కి విజయవాడ దిక్కు పోయేటియి మా మీదికెల్లి పోతయి, పై ఎత్తుల ఉన్నయి బాగ దొరుకుతయి. లతీఫ్ సాబ్ గుట్ట దిక్కు కిందికి దిగినయి మాయం, దానికి రేటు ఏం చేస్తది.

ఎఫ్ఎం ల ఒక చిన్న ముచ్చట. హైదరాబాద్ రెయిన్‌బో 101.9, వివిధ భారతి 102.8, గాలి బాగున్న రాత్రి మాకు పల్సగ తగులుతయి. మధ్యన 102.35 పెట్టి 1.024 రేటు ఇస్తే లెక్క ప్రకారం రెండూ అండ్ల పట్టాలె, కానీ రెండూ అంచుకు పడతయి, అంచుల ఫిల్టర్ కోసేస్తది. అందుకే అటు పదో వంతు, ఇటు పదో వంతు పనికి రాదనుకోని లెక్క వేసుకోవాలె. వాతావరణ ఉపగ్రహాల అమెరికావి పాత నోవా మూడూ 2025 ఆగస్టు నాటికి బంద్ అయినయి, బాధనిపించింది, ఇప్పుడు రష్యా ఉపగ్రహం మీటియర్ పడుతున్న, దానికి 1.024 చాలు, 12 నిమిషాల పాస్‌కు ఒకటిన్నర జీబీ లోపే.

మీడియం వేవ్‌కు డైరెక్ట్ శాంపిలింగ్ (ట్యూనర్ లేకుంట ఆంటెన్నా సిగ్నల్ సీదా చిప్పుకే ఇచ్చుడు) పెడితే హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ పట్టపగలు గూడ గణగణ వస్తది. షార్ట్‌వేవ్‌కు వచ్చేసరికే మోసం, 28.8 ల సగం 14.4, దాని పైన ఉన్నయన్నీ కిందికి మడత పడతయి. 15.2 మీద ఉన్న స్టేషన్ నాకు 13.6 దగ్గర వినిపించింది, అది గూడ స్టేషన్లు ఉండే జాగనే కాబట్టి నోట్‌బుక్కుల కొత్త స్టేషన్ అని రాసుకోని దోస్తులకు గూడ చెప్పిన, పరువు పోయింది.

డబ్బా అయితే గట్టిది, ఒక్కసారి గూడ రిపేరుకు రాలే, కొనుక్కోవచ్చు. మే నెల ఎండల డాంగిల్‌ని స్లాబ్ మీద ఏదన్న పెట్టెల పెడితే చేతికి కాలుతది, నీడకు తెచ్చుకోండ్రి. ఇగ స్క్రీన్ మీద 144.0 దగ్గర సన్నగ నిలబడే పుల్ల లాంటి సిగ్నల్ మాత్రం ఏ రేటు పెట్టినా పోదు. దానికోసం నెలరోజులు ఆంటెన్నా అటు తిప్పి ఇటు తిప్పి ఇంటోల్ల సెట్‌టాప్ బాక్సు గూడ బంద్ చేయించిన. తర్వాత క్యాలిక్యులేటర్ తీసి 28.8 ని 5 తోటి గుణించిన, పుల్ల నా డబ్బా లోపల్దే.