పగ ఒకటే, తీరు వేరు: 'జంజీర్', 'యాదోం కీ బారాత్'

ఈ రెండు హిందీ సినిమాలూ 1973లో వచ్చినవే, రెండూ సలీం-జావేద్ జంట రాసినవే. అమ్మానాన్నల హత్య, పెద్దయ్యాక పగ. విలన్ కూడా ఒకడే, పాత హిందీ నటుడు అజిత్!

'జంజీర్'లో అమితాబ్ ఒక్క డ్యూయెట్టూ పాడడు, ప్రాణ్ పాట పాడితే గానీ నవ్వడు. హంతకుడి చేతి గొలుసుకు వేలాడే తెల్ల గుర్రం కలల్లోకొచ్చి నిద్ర చెడగొడుతుంది. కత్తులకు సానపట్టే జయభాదురితో ప్రేమ కూడా పొదుపుగానే సాగుతుంది.

'యాదోం కీ బారాత్'లో పగ బరువంతా ధర్మేంద్రది. విడిపోయిన తమ్ముళ్లలో ఒకడు జీనత్ అమన్ ప్రేమలో, ఇంకొకడు స్టేజీ మీద. హంతకుణ్ణి పట్టించేది రెండు కాళ్లకు రెండు సైజుల బూట్లు (తమాషా ఆధారమే). ఆర్.డి. బర్మన్ పాటల హోరులో పగ కాస్త పలచబడుతుంది.

టెన్షన్ కావాలంటే మొదటిదే చూడండి, నా ఓటు దానికే. తెలుగులో రెండూ ఎన్టీఆరే చేశారు: 'నిప్పులాంటి మనిషి', 'అన్నదమ్ముల అనుబంధం'.