ఎత్తైన జంపుల కోసం ఐదు స్ట్రట్ల కైట్: కొన్ని సీజన్ల వాడకం తర్వాత

కైట్‌బోర్డింగ్‌లో, అంటే పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీటిపై సాగే ఆటలో, ఎత్తుకు ఎగరడం కోసమే నేను 9 చదరపు మీటర్ల ఐదు స్ట్రట్ల (రెక్క ఆకారాన్ని నిలిపే, గాలి నింపిన గొట్టాల) కైట్ తీసుకుని కొన్ని సీజన్లుగా వాడుతున్నాను. కోర్ ఎక్స్‌ఆర్, ఓజోన్ ఎడ్జ్, నార్త్ ఆర్బిట్ ఈ తరగతికి చెందినవే. రెక్క సన్నగా, పొడవుగా ఉండటం వల్ల వీటిలో గాలి నిరోధం తక్కువ, పైకి లేపే బలం ఎక్కువ. అంతకుముందు వాడిన మూడు స్ట్రట్ల కైట్‌తో పోలిస్తే నాకు మొదట తెలిసివచ్చిన తేడా దిగే తీరులో ఉంది: శిఖరానికి చేరాక ఒక్కసారిగా జారిపోకుండా, బార్‌ను (కైట్ లైన్లు, అంటే తాళ్లు, కట్టి ఉండే చేతికర్రను) దగ్గరగా పట్టుకున్నంతసేపూ మెల్లగా తేలుతూ దించుతుంది. ఎత్తులో తేడా మాత్రం వెంటనే రాలేదు, ఎందుకంటే ఆ ఎత్తు సగానికి పైగా బోర్డు అంచులోనే ఉంది.

ఎడమకు వెళ్తున్నామనుకుంటే, ఆకాశాన్ని గడియారపు ముఖంలా ఊహించుకుని (12 అంటే నేరుగా తలపైన) కైట్‌ను 11 దగ్గర ఉంచి, మంచి వేగం అందుకున్నాక దాన్ని గట్టిగా 12 వైపు తిప్పాలి. అది పైకి వెళ్తున్న కొద్దీ లాగుడు పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే బోర్డును గాలికి ఎదురుగా మలుపుతూ, వెనుక మడమ మీద బరువు వేసి, లైన్లు బిగుసుకునేలా అంచును నీటిలో పట్టి ఉంచాలి. కైట్ 12 చేరబోతుండగా కాళ్లు చాచి నీటిని తన్ని, బార్‌ను పూర్తిగా లోపలికి లాగాలి. అంచును అర క్షణం ముందే వదిలేస్తే కూడబెట్టిన బిగువంతా పోయి, గాలివాలుకు (గాలి పోయే వైపుకు) ఈడ్చుకుపోవడమే మిగులుతుంది. ఈ కైట్ మలుపు కాస్త నిదానం కాబట్టి, చిన్న కైట్‌కు అలవాటుపడిన చేతులు ఆ అర క్షణం ఓపిక పట్టడం నేర్చుకోవాలి. నాకైతే ఎత్తు పెంచినవాటిలో ఈ ఓపికకే మొదటి స్థానం.

ఇక ట్రిమ్ (లైన్ల పొడవుల సర్దుబాటు) సంగతి వివరంగా చెప్పాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. భారం ఎక్కువగా మోసేది ముందు లైన్లు కనుక వాడకంలో అవే ఎక్కువ సాగుతాయి; దాంతో వెనుక లైన్లు పోలికలో పొట్టివైపోయి, బార్ లాగినప్పుడు కైట్ ఎగరడం మాని వెనక్కి జారుతుంది. సరిగ్గా జంప్ మొదలయ్యే క్షణంలో ఇలా జరిగితే లేచేది సగమే. నాలుగు లైన్ల చివరలనూ ఒక స్తంభానికి తగిలించి, బార్‌ను సమంగా లాగి చూస్తే తేడా కంటికే కనిపిస్తుంది. పిగ్‌టెయిల్‌లోని (లైన్ చివర ముడులున్న చిన్న తాడులోని) ముడిని ఒక మెట్టు మార్చితే చాలావరకు సర్దుకుంటుంది. లైన్ల పొడవు విషయానికొస్తే, 22 మీటర్ల నుంచి 24కు మారితే కైట్ తిరిగే దారి పెద్దదై గాలిలో ఉండే సమయం పెరిగింది, స్పందన మాత్రం కొంచెం మందగించింది. ఈ బేరం నాకు సమ్మతమే.

బోర్డు 138 సెంటీమీటర్లది, గట్టిగా ఉండేది. మెత్తటి బోర్డు భారానికి వంగిపోయి అంచు జారుతుంది. నడుముకు గట్టి వీపున్న హార్నెస్ (కైట్ లాగుడును ఒంటికి పంచే పట్టీ) తీసుకున్నాక పక్కటెముకల నొప్పి తగ్గింది. బోర్డుకు బిగించే వూ సెన్సార్ ఎత్తు కొలుస్తుంది, కానీ ఆ సంఖ్యను వెంటాడటం కంటే అంచు ఎప్పుడు వదిలామో గుర్తుపెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

గాలి ఎంపికలో తొందర వద్దు. లాగుడు గాలి వేగపు వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది కాబట్టి 20 నాట్ల నుంచి 25కు చేరితే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. హెల్మెట్, ఇంపాక్ట్ వెస్ట్ (దెబ్బను తట్టుకునే మెత్తటి కోటు) లేకుండా నేను జంప్ చేయను. గాలివాలున కనీసం రెండు లైన్ల పొడవంత ఖాళీ నీరు ఉండాలి. దిగేటప్పుడు కైట్‌ను ముందుకు, 10 వైపు దించి, బోర్డు ముక్కును గాలివాలుకు తిప్పి మోకాళ్లు వంచితే తాకిడి చాలావరకు తగ్గుతుంది.

ఈ కైట్‌ను ఇప్పుడే జంపులు మొదలుపెట్టేవారికి నేను సూచించను. నీటిలో పడితే తిరిగి లేపడానికి మూడు స్ట్రట్లదానికంటే ఎక్కువ శ్రమ కావాలి. అంచు పట్టడం చేతనై, గాలిలో నిలకడ కోరుకునేవారికి మాత్రం నిస్సందేహంగా తీసుకోమంటాను.