భీమవరంలో ఆదివారం రైటింగ్ కోర్సు: ఉత్తరాలకి సరే, ఎస్సేకి ఆలోచించుకోండి

భీమవరంలో ఐఈఎల్‌టీఎస్ (విదేశీ చదువుకీ వీసాకీ అడిగే ఇంగ్లీషు పరీక్ష) కోచింగ్‌లకి కొదవ లేదు. రైటింగ్‌ని విడిగా తీసుకుని జాన్రా (రాత రకం) పద్ధతిలో నేర్పేవాళ్లు మాత్రం అరుదు. అలాంటి ఓ చిన్న సెంటర్ కోర్సు ఇది. పది ఆదివారాలు, రోజుకి మూడు గంటలు, బ్యాచ్‌కి పదహారు మంది, ఫీజు 4,500 రూపాయలు.

ఎవరు, ఎవరికి, ఏ పని జరగాలని రాస్తున్నారన్నదాన్ని బట్టి ప్రతి రాతకీ ఒక నడక ఉంటుంది. ఫిర్యాదు ఉత్తరానిది ఒకటి, ఒక వస్తువు ఎలా తయారవుతుందో చెప్పేదానిది ఇంకొకటి. ఆ నడకని నేర్చుకునేవాళ్లకి విప్పి చూపించాలన్నదే జాన్రా పద్ధతి. మైకేల్ హాలిడే భాషాశాస్త్రం పునాదిగా జిమ్ మార్టిన్, జోన్ రాథరీ వంటివాళ్లు 1980లలో సిడ్నీలో బడుల కోసం దీన్ని తయారుచేశారు. ‘మీకు తోచింది రాయండి’ అని వదిలేస్తే ఇంట్లో పుస్తకాలున్న పిల్లలే ముందుకెళ్తారన్నది వాళ్ల వాదన. టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివి, గల్ఫ్ ఉద్యోగానికో కెనడా వీసాకో ఇంగ్లీషులో రాయాల్సొచ్చిన కోనసీమ కుర్రాళ్లని చూస్తే ఆ వాదన ఎంత నిజమో తెలుస్తుంది.

పద్ధతిలో మూడు మెట్లు: నమూనాని విప్పడం, అందరూ కలిసి రాయడం, ఎవరికి వాళ్లు రాయడం. చాలా సెంటర్లు మొదటిదాన్నుంచి మూడోదానికి గెంతేస్తాయి. నమూనా జిరాక్స్ ఇచ్చి ‘ఇలా రాసుకురండి’ అంటాయి. ఈ కోర్సు నడుమ మెట్టు మీద గంట సేపు నిలబడుతుంది. కట్టిన డబ్బులు గిట్టేది అక్కడే.

ఉత్తరం క్లాసు చూడండి. విషయం, దాళ్వాకి (రబీ వరికి) శివారు చేలకి నీరందలేదని ఇరిగేషన్ ఇంజనీరుకి ఫిర్యాదు. ముందు మూడు నమూనా ఉత్తరాల్ని ముక్కలుగా కత్తిరించి ఇస్తారు, వరసలో పేర్చాలి. పేరుస్తుంటే రాసేదెవరు, ఏం జరిగింది, దానివల్ల నష్టమేమిటి, ఏం చేయమంటున్నారు అన్న నాలుగు భాగాలు వాటంతట అవే తేలతాయి. బడిలో అలవాటైన ‘ఐ బెగ్ టు స్టేట్ దట్’ మూడింటిలో ఒక్కదాంట్లోనూ లేదని కూడా అప్పుడే గమనిస్తారు.

తర్వాత మార్కర్ మేష్టారి చేతిలో, మాటలు క్లాసువి. వెనక బెంచీ నుంచి ఒకరు ‘ఫ్రమ్ లాస్ట్ టెన్ డేస్ వాటర్ ఈజ్ నాట్ కమింగ్’ అంటారు. మేష్టారు దాన్ని ఉన్నదున్నట్టు బోర్డు మీద రాస్తారు. దిద్దరు. ‘ఇది చదివిన ఇంజనీరు ఏ తూము దగ్గరికి వెళ్లాలండీ?’ అని అడుగుతారు. తూము నంబరు వస్తుంది, ఎన్ని ఎకరాలో వస్తుంది, ఏ తేదీ నుంచో వస్తుంది. చివరికి ‘ది ఫీల్డ్స్ అండర్ దిస్ స్లూయిస్ హ్యావ్ రిసీవ్డ్ నో వాటర్ సిన్స్ 12 ఫిబ్రవరి’ అని నిలుస్తుంది. తేదీ వచ్చింది కాబట్టి ‘సిన్స్’, అది వచ్చింది కాబట్టి ‘హ్యావ్ రిసీవ్డ్’. వ్యాకరణం అవసరం వెంట వచ్చింది. క్లాసు నోరు విప్పనప్పుడు తొందరపడి మేష్టారే వాక్యం చెప్పేస్తే ఇదంతా డిక్టేషన్ అయిపోతుంది. ఈయన తొందరపడరు. తెలుగులో చెప్పినా తీసుకుంటారు. ఓపిక కావాల్సిన పని, చాలా బాగా చేస్తున్నారు.

అకడమిక్ (విదేశీ చదువుల కోసం రాసే రకం) పరీక్షలో టాస్క్ 1, అంటే రైటింగ్ మొదటి ప్రశ్నగా వచ్చే ప్రాసెస్ డయాగ్రం (తయారీ దశల బొమ్మ) పాఠమూ బాగుంది. కొబ్బరి తోటల్లో అంతరపంటగా వేసే కోకోని తీసుకున్నారు. కాయ కోయడం, పగలగొట్టి గింజ తీయడం, ఐదారు రోజులు పులియబెట్టడం, ఎండబెట్టడం, బస్తాలకెత్తడం. విషయం తెలిసిందే కాబట్టి బుర్రంతా భాష మీదే పెట్టొచ్చు. మనవాళ్లు ‘దే విల్ బ్రేక్ ద పాడ్స్’ అని రాస్తారు. ‘పగలగొడతారు’ అన్న మాట మనకి రోజూ చేసేదానికీ రేపు చేయబోయేదానికీ ఒకటే, అందుకే ఆ ‘విల్’ దూరుతుంది. ఈ జాన్రాలో చేసేవాడు ముఖ్యం కాదు, ‘ద పాడ్స్ ఆర్ బ్రోకెన్ ఓపెన్’ అనాలి. మొత్తం ఎన్ని దశలు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే ఓవర్‌వ్యూ వాక్యం లేకుండా దశలు మాత్రమే ఏకరువు పెడితే బ్యాండ్ 7 (తొమ్మిదికి ఏడు స్కోరు) ఆశ వదులుకోవాల్సిందే. ఆ వాక్యాన్ని విడిగా అరగంట రాయిస్తారు.

టాస్క్ 2, అంటే ఎస్సే దగ్గరికొచ్చేసరికి కోర్సు దారి తప్పింది. రైటింగ్ మార్కుల్లో టాస్క్ 1 కన్నా దీనికి రెట్టింపు విలువ. 250 పదాలు, 40 నిమిషాలు. ‘ఎంతవరకు ఏకీభవిస్తారు’ అనే ప్రశ్నకి ఒక పక్షం నిలబెట్టి వాదించాలి, ‘రెండు అభిప్రాయాలూ చర్చించండి’ అంటే రెండింటినీ తూచి తేల్చాలి. సిడ్నీవాళ్లు ఈ రెంటినీ వేరువేరు జాన్రాలుగానే చూశారు. ఇక్కడ రెంటికీ ఒకే నాలుగు పేరాల మూస ఇచ్చి, ఖాళీలు పూరించమంటున్నారు. మొదటి రకం ప్రశ్నకి కూడా ‘సమ్ పీపుల్ థింక్, అదర్స్ బిలీవ్’ అని మొదలెట్టి, అభ్యర్థి మాటేమిటో చివరి లైను దాకా తేలని వ్యాసాలు వస్తున్నాయి. టాస్క్ రెస్పాన్స్ (అడిగినదానికి జవాబిచ్చారా అని చూసే) మార్కు పోయేది అందుకే. జాన్రా పద్ధతి మీద మొదట్నుంచీ ఉన్న విమర్శే ఇది, నడక నేర్పబోయి మూస అంటగడతారని. ఉత్తరంలో అంత జాగ్రత్త పడ్డవాళ్లు ఇక్కడ ఎందుకు వదిలేశారో అర్థం కాదు. ఎస్సేకి చివరి రెండు ఆదివారాలే మిగలడం ఒక కారణం కావచ్చు. నాలుగైనా కావాలి.

దిద్దుబాటు నాణ్యంగా ఉంది. ముందు ప్రయోజనం, తర్వాత భాగాల వరస, ఆఖరున వ్యాకరణం. పేజీ నిండా ఎర్ర సిరా ఉండదు. కాగితాలు మాత్రం రెండు వారాలకి చేతికొస్తున్నాయి, అప్పటికి క్లాసు వేరే జాన్రాలో ఉంటుంది. వారంలో ఇచ్చి, తిరగరాయించి మళ్లీ చూడాలి.

జనరల్ ట్రైనింగ్ (ఉద్యోగం, వలస కోసం రాసే రకం, ఇందులో టాస్క్ 1 ఉత్తరమే) రాసేవాళ్లు, ఎగుమతి ఆఫీసుల్లో బయ్యర్లకి మెయిళ్లు పెట్టాల్సినవాళ్లు టాస్క్ 1 వరకూ నిశ్చింతగా చేరొచ్చు. అకడమిక్‌లో 7 కావాల్సినవాళ్లు ఎస్సేకి వేరే ఏర్పాటు చూసుకోవాలి. ఇంకెక్కడైనా జాన్రా పద్ధతి అని బోర్డు కనిపిస్తే, కలిసి రాసే క్లాసుకి ఒకసారి కూర్చుంటామని అడగండి. బోర్డు మీదికెక్కే వాక్యాలు విద్యార్థుల నోటి నుంచి వస్తున్నాయో, మేష్టారి నోట్సులోంచి వస్తున్నాయో చూసి ఫీజు కట్టండి.